ఎదురుగా చూసే కొంగ

2 ఆగస్టు 1955, మంగళవారం

రోజూ నాలుగు ముక్కలు రాయమంది రాత్రిబడి సుమార్ని పంతులమ్మ. ఏం రాయనమ్మా అంటే, కడుపులో ఏముంటే అది రాయి పనియెం అక్కా, ఎవరూ దిద్దరు, అంది. నా కడుపులో ఎప్పుడూ భయమే ఉంటుంది. అదే రాస్తాను.

ఇవాళ్టి భయం మా ఆయన కళ్ళ గురించి. అరవై ఆరేళ్ళ మనిషి అరచేయంత గాజు ముక్క మీద పిల్లి వెంట్రుకల కుంచెతో బొమ్మలు వేస్తాడు. లిమ్ బాబా సినిమాహాల్లో ఆటకి ముందు తెర మీద చూపించే స్లయిడ్లు అవి. సబ్బు స్లయిడ్, బట్టల కొట్టు స్లయిడ్, మోకాళ్ళ నొప్పుల తైలం స్లయిడ్. గాజు మీద చింతగింజంత సబ్బు తెర మీద ఎద్దుబండంత అవుతుంది. ఇక్కడ వెంట్రుకవాసి వంకరపోతే అక్కడ మూరెడు వంకర. అందుకని ఊపిరి బిగబట్టి గీస్తాడు. ఆయన బిగబడితే నేనూ బిగబడతాను. ఆయన వదిలినా నేను వదలడం మర్చిపోతాను.

అంతకుముందు నలభై ఏళ్ళు తోలుబొమ్మలు చెక్కాడు. జపానువాళ్ళు వచ్చిన ఏడు తోలు దొరకడం మానేసింది. అప్పటినుంచి గాజు.

9 ఆగస్టు, మంగళవారం

జయెంగ్ దొర మా ఇంటికి వచ్చాడు. మా గుమ్మం పొట్టిది. దొరంతటివాడు వంగి లోపలికొచ్చాడు. చెరకు మిల్లులో పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు, ఇప్పుడు కొంగ పార్టీకి మా ఊరి పెద్ద. వచ్చే నెల ఇరవైతొమ్మిదిన ఎన్నికలు. తెల్లదొరలు పోయాక మా దీవుల్లో, మా బతుకులో ఇదే మొదటిసారి. చదువు రానివాళ్ళ కోసం పార్టీకో బొమ్మ పెట్టారు. నచ్చిన బొమ్మని మేకుతో పొడవాలట.

దొర అన్నాడు గదా, మార్తో, నీ చేతి పనితనం చూసే వచ్చాను. కుడిపక్క మా కొంగ నిలబడాలి. ఎడమపక్క బియ్యం బస్తాల మీద కోరల రాక్షసుడు కూర్చోవాలి. జనానికి వేరే చెప్పక్కర్లేదు, తోలుబొమ్మలాట చూసి పెరిగినవాళ్ళే కదా, అన్నాడు.

అది నిజమే. బొమ్మల రంగులు కనబడాలని మా ఊళ్ళో అందరం ఆడించేవాడి వెనకే కూర్చుంటాం. వాడి కుడిచేతి పక్క పాండవులు, ఎడమచేతి పక్క కౌరవులు. చంకలో పిల్లకి కూడా తెలుసు.

దొర వెళ్ళాక, ఈ సంగతి పోటీలో ఉన్న లాంతరు పార్టీ వాళ్ళకి తెలిస్తే మన గతేమిటి అన్నాను. వాళ్ళదీ నేనే వేశాను కదే, అదిగో గూట్లో ఆరుతోంది, అన్నాడు. ఒక్క గూట్లో రెండు పార్టీలు. మధ్యలో చెక్కముక్క అడ్డం పెట్టాను.

14 ఆగస్టు, ఆదివారం

కొంగ పూర్తయింది. ఎంత బాగుందో రాయడానికి నా దగ్గర అంత చదువు లేదు. ముందు గాజుకి దీపపు మసి పట్టించాడు. ఆ మసిని సూదితో గీకి గీకి కొంగని తీశాడు. తెలుపు వెయ్యలేదు, నలుపు తీసేశాడు అంతే. రాక్షసుడికి బట్టల అద్దకం రంగు, గుడ్డు తెల్లసొనలో కలిపి. కిటికీలో ఎండకి పెడితే ఎదుటి గోడ మీద ఈకలతో సహా కొంగ నిలబడింది. మా కోడి గోడ దగ్గరికి పోయి పొడిచి చూసింది.

ఆయన గొంతెత్తి నవ్వాడు. నేను నవ్వలేదు. ఇంత బాగా వేస్తే దిష్టి తగులుతుంది.

27 ఆగస్టు, శనివారం

ఇంటికి రాగానే దీపం పెట్టుకుని కూర్చున్నాను. జరిగింది రాస్తాను.

లిమ్ బాబా హాల్లో తెర నట్టనడుమ ఉంటుంది. తెరకి ముందు కుర్చీలు, వెనక వెదురు బల్లలు. వెనక టికెట్టు సగం ధర. పొలం పనివాళ్ళు, సంతలో అమ్ముకునే ఆడవాళ్ళు, నేను, అందరం ఎప్పుడూ వెనకే. బొమ్మ వెనకనుంచీ బాగానే కనబడుతుంది, కాకపోతే తిరగబడి. సినిమాల్లో వాళ్ళంతా ఎడమచేత్తో అన్నం తింటారు. చాలా ఏళ్ళు వాళ్ళ పెంపకమే అంత అనుకున్నాను. మా భాష రాసే ఏ బీ సీ అక్షరాలు నేను మొదట చూసిందీ అక్కడే. అందుకే ఇప్పటికీ పలక మీద ఎన్ తిరగేసి రాస్తే పంతులమ్మ నవ్వుతుంది.

నాలుగున్నర ఆటకి కొంగ స్లయిడ్ వేశారు. ముందు కుర్చీల్లో దొర, ఆయన చుట్టాలు. వాళ్ళ వైపు అంతా సరిగ్గానే ఉంది. మా వైపు రాక్షసుడు కుడిపక్కకి వచ్చాడు. కొంగ ఎడమకి పోయింది, కౌరవుల్లోకి.

నాకు అప్పుడు తట్టింది. అన్నేళ్ళు వెనక కూర్చున్నదాన్ని, ముందే తట్టలేదు. సబ్బు ఎటున్నా సబ్బే కదా.

ఎవడో, ఒరేయ్, ఈసారి రాక్షసుడే గెలుస్తాడంట, అన్నాడు. ఇంకొకడు, గెలిస్తే మంచిదేరా, బస్తాలు వాడి దగ్గరే ఉన్నాయి, అన్నాడు. వెదురు బల్లలన్నీ కిర్రుకిర్రుమంటూ నవ్వాయి. తెరకి అవతల దొర కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు నాకు వినబడింది.

28 ఆగస్టు, ఆదివారం

పొద్దున్నే దొర వచ్చాడు. ఈసారి లోపలికి రాలేదు.

లాంతరు వాళ్ళు ఎంత ముట్టజెప్పారు మార్తో, అన్నాడు. మా ఆయన మొహం ఎర్రబడింది. యాభై ఏళ్ళుగా పని చేస్తున్నాడు, ఆ మాట ఆయన్ని ఎవరూ అనలేదు. తప్పు నాదే దొరా, వెనక కూర్చునేవాళ్ళని మర్చిపోయాను, రాక్షసుణ్ణి తీసేసి కొంగని ఒక్కదాన్నే వేస్తాను, అన్నాడు. దొర ఆలోచించి, ఒక్కదాన్నే వేసినా ముందువాళ్ళకి కుడికి చూస్తే వెనకవాళ్ళకి ఎడమకి చూస్తుంది కదయ్యా, రెండు వైపులా మంచి వైపే చూడాలి, అన్నాడు. అది ఎలా కుదురుతుంది అని నేను తలుపు చాటునుంచి గొణిగాను. దొరకి వినబడింది. కుదరకపోతే ఈ ఊళ్ళో మీ ఆయన చేతికి కుంచె ఇచ్చేవాడు ఉండడమ్మా, వచ్చే నెల పదహారో తారీకు శుక్రవారం దాకా చూస్తాను, అని నాకే చెప్పి వెళ్ళాడు.

ఆ మాట నాకు చెప్పడమెందుకు. ఆయనకి చెప్తే ఆయన మర్చిపోయేవాడు. నేను మర్చిపోను.

31 ఆగస్టు, బుధవారం

ఆయన పొద్దున్నే పొలాలకి పోయాడు. మధ్యాహ్నం మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, ఎటూ చూడకూడదే, ఎదురుగా చూడాలి, అప్పుడు ముందువాడికీ వెనకవాడికీ ఒకటే కొంగ, అన్నాడు.

ఎదురుగా చూసే బొమ్మ మా దగ్గర ఎవరు వేశారు. దేవుళ్ళూ రాజులూ కోతులూ రాక్షసులూ, తోలుబొమ్మలన్నీ పక్కకి చూసేవే. ఎదురు మొహం వేసిన చెయ్యి కాదు ఆయనది. ఆ మాటే అన్నాను. అందుకే కొంగల్ని అడిగి వచ్చాను, అన్నాడు.

5 సెప్టెంబర్, సోమవారం

ఏడో గాజు. చీపురులా ఉంది. ఆయనకి చెప్పలేదు.

8 సెప్టెంబర్, గురువారం

మళ్ళీ పొలానికి పోయాడు. ఎండకి పడిపోతాడేమోనని గొడుగు పట్టుకుని వెంట వెళ్ళాను. గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. కొంగ ఎదురుగా తిరిగితే ముక్కు కనబడదు, చుక్కంత అయిపోతుంది. ఆ చుక్కకి అటూ ఇటూ నుంచి రెండు కళ్ళూ కిందకి, మన మీదకే చూస్తాయి. నేను ఇన్నేళ్ళూ కొంగల మధ్యే నాట్లు వేశాను, ఇది చూడలేదు. ఈ మనిషి తొమ్మిది రోజుల్లో చూశాడు.

పొలం పని చేసే కుర్రవాళ్ళు, ముసలాళ్ళకి ఇప్పుడా సరసాలు, అన్నారు. ఆయన గొడుగు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. సిగ్గుతో చచ్చాను.

11 సెప్టెంబర్, ఆదివారం

బొమ్మ కుదిరింది. రెక్కలు రెండు పక్కలా సమానంగా విప్పి, కళ్ళు తిన్నగా. గాజు తిప్పి చూసినా అదే కొంగ.

ఇప్పుడు అక్షరాల చిక్కు. బొమ్మ కింద ఒక మాట ఉండాలంటాడు దొర. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మాట ఎక్కడ దొరుకుతుంది అని ఆయన తల పట్టుకున్నాడు. ఈ ఒక్క విద్య నాకు వచ్చు. తెర వెనక అక్షరాలు నేర్చినదాన్ని, ఏవి తిరగబడతాయో ఏవి తిరగబడవో నన్నడగాలి. టీ తిరగబడదు. ఏ తిరగబడదు. ఓ, హెచ్, యూ, ఎమ్. వంటింట్లో బూడిద పరిచి పుల్లతో రాసుకుంటూ కూర్చున్నాను. అన్నం మాడింది.

టీ, ఏ, ఏ, టీ. తాఅత్. ముందునుంచి చదివినా తాఅతే, వెనకనుంచి చదివినా తాఅతే. దేవుడి మాట వినేవాణ్ణి తాఅత్ ఉన్న మనిషి అంటాం. మంచి మాట. ఆయనకి చూపించాను. బూడిద ముందు గొంతుకూర్చుని, నువ్వు నలభై ఏళ్ళ ముందే బడికి పోవలసిందే, అన్నాడు.

మాడిన అన్నం ఇద్దరం తిన్నాం.

16 సెప్టెంబర్, శుక్రవారం

దొర ముందు కుర్చీల్లో కూర్చోలేదు. మా వెదురు బల్లల మీదకి వచ్చాడు. సరిచూసుకోవడానికి. ఆయన కోసం ఎవరో తువ్వాలు పరిచారు. మా ఆయన గోడ దగ్గర నిలబడ్డాడు.

తెర మీద కొంగ వచ్చింది. ఒక్కరూ నవ్వలేదు, దగ్గలేదు. బొమ్మ మనుషుల్ని చూడటం ఇంతకుముందు మాలో ఎవరమూ ఎరగం. బొమ్మని మనం చూస్తాం, అది ఇంకో బొమ్మని చూస్తుంది, అంతే. ఈ కొంగ నన్నే చూసింది. పక్కింటి తుకినా ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదకి జరిగింది. తర్వాత ఇంకో బల్ల మీదకి. ఎక్కడికి పోయినా నన్నే చూస్తోంది పనియెం, అని చెవిలో చెప్పింది.

దొర లేచి మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. తాఅత్, ఎంత మంచి మాట పెట్టావయ్యా, అన్నాడు. గండం గడిచింది. ఇంటికొచ్చి కర్రపెండలం ఉడకబెట్టాను. ఇలాంటి చేతులున్న మనిషి పక్కన నా బతుకు వెళ్ళింది. అది రాసి పెట్టుకోవాలి.

19 సెప్టెంబర్, సోమవారం

తుకినా వచ్చి గుమ్మంలో కూర్చుంది. లోపలికి రమ్మంటే రాదు. కాసేపటికి అడిగింది. ఓటు గదిలోకి కూడా కొంగ వస్తుందా అని. బొమ్మ ఎలా వస్తుందే అన్నాను. సంతలో అందరూ అంటున్నారు, దాని కళ్ళకి తెర అడ్డం లేదు, ముందువాళ్ళనీ వెనకవాళ్ళనీ ఒకేసారి చూసింది కదా, ఓటు గదికి కట్టేదీ గుడ్డే కదా అంటున్నారు. కింద ఏం రాసుందో కూడా చదివించుకున్నారట. మాట విను అని రాసుందట. తుకినా గొంతు తగ్గించి, మా ఆయనది లాంతరు పార్టీ, దానికి వేస్తే కొంగ చూస్తుంది, నేను అసలు పోనే పోను, నాకెందుకొచ్చిన ఓటు, అంది.

మధ్యాహ్నం దొర మనిషితో పనసపండు పంపించాడు. వెనకే తనూ వచ్చాడు. జనం ఏదో అనుకుంటున్నారట మార్తో, అనుకోనీ, నువ్వేమీ దిద్దకు, పక్క ఊళ్ళకి ఇలాంటివే ఇంకో రెండు వెయ్యి, అని నవ్వాడు. మంచి నవ్వే. కొంగ కింద ఆ మాట పెట్టింది మాత్రం నేను.

20 సెప్టెంబర్, మంగళవారం

ఆయన పనసపండు ముట్టలేదు. నలభై ఏళ్ళు రాక్షసుల్ని చెక్కానే, ఒక్క చంటిపిల్ల జడుసుకోలేదు, కొంగని గీసి ముసలమ్మని జడిపించాను, అన్నాడు.

నేను బతిమాలాను. ఇంకా తొమ్మిది రోజులే, కళ్ళు మూసుకుంటే అయిపోతాయి, దొరతో మనకెందుకు, కుంచె లాక్కుంటే ఏం చేస్తాం అన్నాను. ఆయన నా వైపు చూశాడు. చూసి, కళ్ళు మూసుకుంటే, అన్నాడు. అంతే.

నేనూ ఒక మాట అన్నాను. ఏం చేస్తావో నాకు తెలీదుగానీ నా నాలుగు అక్షరాలు మాత్రం చెరిపెయ్యి అన్నాను. అని, నోరు కొట్టుకున్నాను.

21 సెప్టెంబర్, బుధవారం

గాజు వెనక్కి తెచ్చాడు. దుమ్ము తుడవాలని చెప్పాడట. లిమ్ బాబా ఆయన మొహం చూసి, బాగా తుడవండి మార్తో తాతా, అన్నాడట.

23 సెప్టెంబర్, శుక్రవారం, క్లివోన్

మా అయిదు రోజుల సంతవారంలో క్లివోన్ అనే రోజు ఇవాళ శుక్రవారంతో కలిసింది, దయ్యాలు తిరిగే రోజు. ఇలాంటి రోజు మేం బావి కూడా తవ్వం. స్లయిడ్ ఇవాళ వద్దన్నాను. వినలేదు. నాలుగు మూలలా సాంబ్రాణి వేసి, తుకినాని బతిమాలి వెంటబెట్టుకుని వెళ్ళాను.

కొంగ వచ్చింది. అవే రెక్కలు, అవే ఈకలు. రెండు కళ్ళ మీదా ఒక్కొక్క గీత, నెలవంక బోర్లించినట్టు. రెప్పలు. కింద మాట లేదు. అంతే మార్పు. అంత నిమ్మళమైన మొహం నేను ఏ బొమ్మకీ చూడలేదు. తుకినా నా చెయ్యి పట్టుకుని ఉంది, మెల్లగా వదిలింది.

అప్పుడు వెనక బల్ల మీంచి ఒక ముసలాయన, ఓహో, కొంగ జపం, అన్నాడు.

ఆ కథ తెలియనివాళ్ళు మాలో ఎవరు. తపస్సు చేస్తున్నానని నమ్మించి చెరువులో చేపలన్నిటినీ తినేసిన కొంగ, చివరికి ఎండ్రకాయ చేతిలో చచ్చింది. ఒకడు, చేపలూ దగ్గరికి పోకండర్రా, అన్నాడు. ఇంకొకడు, మన ఊళ్ళో ఎండ్రకాయ ఎవడ్రా, అన్నాడు. తుకినా నవ్వింది. నాలుగు రోజులుగా బియ్యం కడగడానికి కూడా బయటికి రాని మనిషి పడీపడీ నవ్వింది. తెరకి అవతల కుర్చీలవాళ్ళు కూడా నవ్వారు. దొర కుర్చీ మాత్రం కదల్లేదు. పోయిన నెల కదిలిన చప్పుడు కన్నా ఈ కదలకపోవడం నాకు ఎక్కువ భయమేసింది.

24 సెప్టెంబర్, శనివారం

దొర గాజు పట్టుకుని వచ్చాడు. మా మెట్టు మీద కొట్టి పగలగొట్టాడు. మా ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. నేను ఆ చేతులకి అడ్డంగా పోయి ఆయన ముందు నిలబడ్డాను. ఎలా పోయానో తెలీదు.

నీకు అన్నం పెట్టిన పార్టీ అన్నాడు దొర. మీ కొంగకి ఏం చెయ్యలేదు దొరా, జనం జడుసుకుంటున్నారని కాసేపు కళ్ళు మూయించాను, అంతే, అన్నాడు ఈయన. గొంతు పెంచలేదు. దించనూ లేదు. కళ్ళు తెరిపించి మళ్ళీ ఇస్తావా అని అడిగాడు దొర. ఇవ్వను అన్నాడు. దొరకి ఆ మాట ఇంతవరకూ ఎవరూ చెప్పినట్టు లేదు. పెంకులు దాటుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం లిమ్ బాబా వచ్చాడు. ఇక స్లయిడ్లు మీచేత వేయించలేను మార్తో తాతా, హాలు నడుపుకోవాలి, అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కుంచె పోయింది. చేతులు ఉన్నాయి.

గాజుపెంకులు ఊడుస్తుంటే తుకినా కూడా చీపురు తెచ్చింది. ఆవిడ వెళ్ళాక ఆయన్ని అడిగాను, కొంగ జపం కథ నీకు ముందే గుర్తుంది కదూ అని. ఏ కథ అన్నాడు. ఆ మొహం నాకు నలభై ఎనిమిదేళ్ళుగా తెలుసు. ఇవాళ ఎదురుగా కూర్చుని చూశాను. ఏమీ తెలియలేదు.

26 సెప్టెంబర్, సోమవారం

లాంతరు పార్టీ వాళ్ళు వచ్చి ఆయన వీపు తట్టారు. ఇక మా మనిషివే తాతా అన్నారు. మీ లాంతరుకి కళ్ళుంటే వాటినీ మూసేవాణ్ణి బాబూ, అన్నాడు. వాళ్ళు టీ తాగకుండా పోయారు. ఈ మనిషితో ఎలా వేగను.

29 సెప్టెంబర్, గురువారం

తుకినా, నేను కలిసి వెళ్ళాం. గుడ్డ కట్టిన గది. లోపల నేను ఒక్కదాన్నే. మేకు పెద్దది, బొమ్మలు చిన్నవి. పొడిచాను.

దేన్ని పొడిచానో ఆయన అడగలేదు. ఇక్కడా రాయను.